సిడ్నీలో వసారా ఇళ్లు

మా పెద్దమ్మాయి పురుటికని వెళ్లి మూడు నెలలు సిడ్నీలో ఉండి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ ఇరుగూ పొరుగూ ఒకటే అడగడం, "ఆ పెద్ద వంతెన చూశావా? తెల్ల తెరచాపల్లా ఉంటుందే, ఆ ఒపెరా హౌస్ చూశావా?" అని. చూశానండీ. అవి మీరూ ఫోటోల్లో చూసే ఉంటారు. ఈ వారం మీకు చెప్పాలనుకున్నది హారిస్ పార్క్ అనే పేట గురించి, అక్కడున్న పాత ఇళ్ల గురించి.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. పాత ఇళ్లంటే నాకు పెద్ద ఇష్టం లేదు. తణుకు దగ్గర మా అత్తగారి ఊళ్లో మండువా లోగిలి ఉంది. కొత్తకోడలిగా అందులో అడుగుపెట్టిన నాటికి నాకు పందొమ్మిదేళ్లు. వానాకాలం మండువాలో పడే నీళ్లు తుడవలేక నడుం విరిగేది. అటక మీద గబ్బిలాలు, దూలాలకి చెదలు. స్నానానికి వెళ్లాలంటే పెరడంతా దాటాలి. ఇప్పుడు అందులో అత్తయ్యగారు ఒక్కరే ఉంటున్నారు. అమ్మేద్దామని ఐదేళ్లుగా మావారి చెవిలో పోరుతున్నది నేనే. మా వాటా చేతికొస్తే అమ్మాయీ అల్లుడూ సిడ్నీలో ఫ్లాటు కొనుక్కోడానికి ముందు కట్టాల్సిన సొమ్ములో కొంత గడుస్తుందని నా లెక్క. అత్తయ్యగారిది ఒకటే మాట. "నేను పోయాక మీ ఇష్టం తల్లీ."

ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

అమ్మాయి వాళ్లుండేది వెస్ట్‌మీడ్‌లో. అక్కణ్ణుంచి రైల్లో పర్రమట్టా దాటగానే వచ్చేది హారిస్ పార్క్. స్టేషన్ దిగి విగ్రమ్ స్ట్రీట్‌లోకి వెళ్లేసరికి కరివేపాకు తిరగమోత వాసన కొట్టింది. నిజమండీ! దోసెల హోటళ్లు, చాట్ కొట్లు, మిఠాయి దుకాణాలు, చీరల షాపులు. ఆ పేట జనంలో పెద్ద భాగం మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. దాన్ని ‘లిటిల్ ఇండియా’ అంటారు. 2023 మే నెలలో మన ప్రధాని మోదీ, ఆస్ట్రేలియా ప్రధాని ఆల్బనీస్ కలిసి అక్కడ కట్టబోయే లిటిల్ ఇండియా స్వాగత ద్వారానికి శిలాఫలకం ఆవిష్కరించారు. 

నన్ను ఆపేసింది దోసెలు కాదు, ఆ హోటళ్లు నడుస్తున్న ఇళ్లు. పెద్ద భవనాలు కావు. ఒక్క అంతస్తు చిన్న చిన్న ఇళ్లు. కొన్ని ఇటుకవి. కొన్నిటికి చెక్క పలకలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి అంచు కప్పేలా కొట్టి గోడలు చేశారు. పైన రేకుల కప్పు. ముందు చిన్న చెక్క దడి, దాని వెనక మూరెడు జాగా, ఆ వెనక వసారా. ఆ వసారాలోనే బల్లలు వేసి ఇడ్లీ, సాంబారు వడ్డిస్తున్నారు. గోడలు కొట్టేసి గాజు తలుపులు పెట్టలేదేమా అని నాకు ఆశ్చర్యం వేసింది.

"కొట్టనివ్వరమ్మా. ఇక్కడ కొన్ని వీధులకి వీధులే పాత కట్టడాల కింద రాసిపెట్టారు. ముందు వైపు మార్చాలంటే కౌన్సిల్ అనుమతి కావాలి," అంది అమ్మాయి.

1855లో సిడ్నీ నుంచి ఈ పక్కకి మొదటి రైలు నడిచింది. ఆ తర్వాత పాత తోటలూ పొలాలూ ముక్కలు చేసి స్థలాలుగా అమ్మారు. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట పనివాళ్లు, చిన్న ఉద్యోగులు ఈ ఇళ్లు కట్టుకున్నారు. తర్వాత లెబనాన్ దేశం వాళ్లు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల పెద్ద చర్చి ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ తర్వాత మనవాళ్లు. ఇంట్లో ఉండే మనుషులు రెండుసార్లు మారారు, వండే కూర మారింది, వసారా మాత్రం అలాగే ఉంది.

మనవణ్ణి తోపుడుబండిలో వేసుకుని ఇంకో పది నిమిషాలు నడిస్తే ఈ ఇళ్లకి తాతమ్మల్లాంటి ఇళ్లు మూడున్నాయి. రోజుకొకటి చొప్పున మూడు సార్లు వెళ్లి చూశాను.

మొదటిది రూస్ స్ట్రీట్‌లో ఉన్న ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ కాటేజ్. ప్రయోగం చేసిన పొలం అని అర్థం. ఏమిటా ప్రయోగమంటారా? 1788లో ఇంగ్లండు నుంచి ఖైదీలను ఓడల్లో తెచ్చి సిడ్నీలో దింపారు. తెచ్చిన తిండి తరిగిపోతోంది, వేసిన పంట సరిగా పండటం లేదు. అప్పుడు గవర్నర్ ఫిలిప్, శిక్షాకాలం పూర్తయిందన్న జేమ్స్ రూస్ అనే ఖైదీకి 1789 నవంబరులో ఇక్కడ కాస్త భూమి, ఒక గుడిసె, గింజలు, పనిముట్లు ఇచ్చి, ఒక మనిషి తన కుటుంబాన్ని సొంత సేద్యంతో పోషించుకోగలడా లేదా చూద్దామన్నాడు. రూస్ చెట్లు కాల్చి, ఆ బూడిద మట్టిలో కలిపి, గడ్డి తిరగేసి కుళ్లబెట్టి దున్నాడు. మన తాతలు చేసిన పనే. మరుసటేడు ఎలిజబెత్ పెర్రీ అనే ఖైదీ స్త్రీని పెళ్లాడాడు. 1791 ఫిబ్రవరి నాటికి ఇక సర్కారు గింజలు నాకక్కర్లేదని చెప్పేశాడు. దాంతో ముప్ఫై ఎకరాలు అతని పేర రాశారు. ఆ వలసలో భూమి పట్టా పొందిన మొదటి మనిషి అతనే. 1793లో ఆ పొలాన్ని సైన్యంలో డాక్టరుగా ఉన్న జాన్ హారిస్‌కి నలభై పౌన్లకి అమ్మేశాడు. పేటకి హారిస్ పార్క్ అన్న పేరు ఈయన మూలంగానే వచ్చింది.

ఇక్కడ ఒక మాట. రూస్‌కి ఇచ్చిన భూమి ఎవరిది? ఖాళీగా పడున్నది కాదు. ఆ ప్రాంతం బర్రమట్టగల్ అనే ఆదివాసీ తెగది. పర్రమట్టా అన్న పేరు వాళ్లదే. ఆ నదిలో దొరికే మలుగు చేపల్ని బట్టి ఆ పేరు వచ్చిందంటారు. వాళ్లనెవరూ అడిగి ఇవ్వలేదు, వాళ్లకెవరూ పట్టా రాయలేదు. ఆ ఇల్లు చూస్తున్నంతసేపూ ఈ సంగతి కూడా గుర్తుండాలి కదండీ.

కాటేజ్ విషయానికి వస్తే, అది రూస్ కట్టింది కాదు. 1835 ప్రాంతంలో హారిస్ కట్టించింది. ఒక్క అంతస్తు, ముందు పొడుగాటి వసారా, వరసగా సన్నటి స్తంభాలు, కిందికి వాలిన కప్పు. నాకు ఎక్కడో చూసినట్టే అనిపించింది. అనిపించడంలో తప్పు లేదట. ఆ తీరుని అక్కడివాళ్లు ఇండియా బంగళా తీరనే అంటారు. మన దేశంలో ఎండకి ఇంగ్లీషు దొరలు చూరు కింద చల్లగా కూర్చోవడం నేర్చుకుని, ఆ అలవాటునే ఓడెక్కించి ఆస్ట్రేలియా పట్టుకుపోయారు. బంగళా అన్న మాట బెంగాల్ వైపు నుంచి వెళ్లిందే. వరండా అన్న మాట కూడా ఇంగ్లీషు వాళ్లకి మన దేశంలోనే అబ్బింది. అంటే అమ్మాయి వాళ్లు దోసె తిన్న ఆ వసారా, మనవాళ్ల కంటే రెండు వందల ఏళ్ల ముందే ఆ ఊరు చేరింది.

రెండో ఇల్లు ఎలిజబెత్ ఫార్మ్. పక్కనే రోజ్‌హిల్ హద్దులో ఉంది. 1793లో కట్టింది. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లు కట్టుకున్న ఇళ్లలో ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో ఇదే అన్నిటికంటే పాతది. మొదట కట్టినప్పుడు ముందు వైపు 68 అడుగుల పొడుగు, 18 అడుగుల వెడల్పు. నాలుగు గదులు, ఒక హాలు, కింద నేలమాళిగ. వంటిల్లు పక్కన విడిగా. వసారాలు తర్వాత చేర్చారు.

ఈ ఇంటి ఇల్లాలు ఎలిజబెత్ మెకార్థర్ కథ మీకు చెప్పకుండా ఉండలేను. సైనికాధికారి జాన్ మెకార్థర్ భార్య. 1790లో చంటిపిల్లాడితో ఓడ ప్రయాణం చేసి వచ్చింది. దారిలో పుట్టిన ఆడపిల్ల దారిలోనే పోయింది. భర్త గొడవల మనిషి. పై అధికారితో తుపాకీ పోరాటానికి దిగి 1801లో ఇంగ్లండు వెళ్లాల్సి వచ్చింది, 1805లో తిరిగొచ్చాడు. తర్వాత గవర్నర్ బ్లైని పదవి నుంచి దింపేసిన తిరుగుబాటులో ముందుండి, 1809లో మళ్లీ వెళ్లి 1817 దాకా రాలేదు. అన్నీ కలిపితే పన్నెండేళ్లు! అప్పట్లో ఉత్తరం చేరడానికే నెలలు పట్టేది. ఆ పన్నెండేళ్లూ ఇల్లు, ఆడపిల్లలు, పొలాలు, కూలీలు, వేల గొర్రెల మందలు, లండన్‌కి పంపే ఉన్ని, అన్నీ ఆవిడే చూసుకుంది.

ఆస్ట్రేలియాకి సిరి తెచ్చింది ఉన్నే అంటారు. ఆ ఘనత ఎవరి ఖాతాలో పడిందో చెప్పనా? 1966 నుంచి 1988 వరకు నడిచిన రెండు డాలర్ల నోటు మీద జాన్ మెకార్థర్ బొమ్మ వేశారు. ఆయనతో పాటు గొర్రెపోతు బొమ్మ కూడా వేశారు. ఆవిడ బొమ్మ వెయ్యలేదు! నేను నవ్వితే అమ్మాయి, "నీకు ఏది చూసినా ఇదే కనిపిస్తుందమ్మా," అంది. మరి మీకు కనిపించడం లేదూ?

ఇంకా విచారమేమిటంటే, ముసలితనంలో ఆయనకి మతి చలించింది. భార్యని అనుమానించి, ఆవిడనీ కూతుళ్లనీ ఆ ఇంట్లోంచి పంపేశాడు. ఇంటికి పెట్టిన పేరేమో ఆవిడది. 1834లో ఆయన పోయాడు. ఆవిడ మళ్లీ తన ఇంటికి వచ్చింది. 1850లో పోయేదాకా పుట్టిన దేశం మళ్లీ చూడనేలేదు.

తర్వాత ఆ ఇల్లు చేతులు మారింది. 1881లో ఎస్టేటు అమ్ముడుపోయి చుట్టూ భూమి ముక్కలైంది. ఇల్లు శిథిలమైపోయిన దశలో 1904లో స్వాన్ అనే కుటుంబం కొన్నది. ఆడపిల్లలు ఎక్కువున్న సంసారం. వాళ్లలో మార్గరెట్ స్వాన్ టీచరు, పర్రమట్టా చరిత్ర గురించి రాసేవారు. స్వాన్ వాళ్లు కోటీశ్వరులు కారు. ఆ ఇంట్లోనే కాపురం ఉంటూ, వండుకుంటూ, తుడుచుకుంటూ, కూలిపోకుండా 1968 దాకా కాపాడుకొచ్చారు. ఆ తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చి, బాగుచేశాక 1984 నుంచి మ్యూజియంగా నడుస్తోంది.

మ్యూజియం అంటే తాడు కట్టి "ముట్టుకోరాదు" అని బోర్డు పెడతారనుకున్నాను. అక్కడ తాళ్లు లేవు. కుర్చీల్లో కూర్చోవచ్చు, బల్ల సొరుగు లాగి చూడొచ్చు. సామానంతా పాతవాటిని చూసి కొత్తగా చేయించింది కాబట్టి పిల్లలు ముట్టుకున్నా భయం లేదు. నేను వసారాలో కుర్చీ వేసుకుని మనవణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. ఎదురుగా తోటలో ముసలి ఆలివ్ చెట్టు. 1805లో నాటిందంటారు. గాలి చల్లగా తగిలింది. ఎందుకో మా మండువాలో అత్తయ్యగారు పడక్కుర్చీ వేసుకునే చోటు గుర్తొచ్చింది. సాయంత్రం నాలుగింటికి అక్కడ కూడా ఇలాగే గాలి తగులుతుంది. పాతికేళ్లకి పైగా ఆ గాలిలో తిరిగాను గానీ ఒక్కనాడూ ఊరికే కూర్చోలేదు. కూర్చునే తీరిక ఎక్కడిది?

మూడోది హాంబుల్డన్ కాటేజ్. చిన్న ఇల్లు. 1824లో మెకార్థర్ వాళ్లు కట్టించారు. వాళ్ల పిల్లలకి చదువు చెప్పిన పెనెలోపి లూకాస్ అనే ఆవిడ పెద్దయ్యాక ఉండటానికి ఇచ్చారు. ఇంట్లో పనిచేసిన మనిషికి ముసలితనంలో ఒక గూడు. ఆ ఒక్క మంచిపని నాకు నచ్చింది. దాన్నిప్పుడు ఊరి చరిత్ర సంఘం వాళ్లు చూసుకుంటున్నారు.

ఇవన్నీ ఎలా మిగిలాయని అడిగితే మళ్లీ ఒక ఇల్లాలి పేరే వచ్చింది. ఆనీ వయ్యట్. ఇద్దరు పిల్లల తల్లో, నలుగురు పిల్లల తల్లో నాకు ముఖ్యం కాదు గానీ, పదవులున్న మనిషి కాదు. ఉండే పేటలో చెట్లు నరికేస్తుంటే ఊరుకోలేక 1927లో చెట్ల కోసం సంఘం పెట్టింది. సిడ్నీలో మంచి మంచి పాత భవనాలు పడగొడుతుంటే మనసు ఉండబట్టలేక పదిమందినీ కూడగట్టి 1945లో నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ పుట్టడానికి కారణమైంది. ఆ ట్రస్ట్ వాళ్లే 1961లో ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ కాటేజ్‌ని కొన్నారు. సరిగ్గా ఆ ఏడే ఆవిడ కన్నుమూశారు.

పాత ఇల్లు నిలబెట్టడం ఉచితంగా అయ్యే పని కాదు. అక్కడా వానకి కప్పు కారుతుంది, చెదపురుగు అక్కడా ఉంది. పాత తీరు కిటికీ చేసే వడ్రంగి కూలి వింటే గుండె ఆగుతుంది. పక్కనే పర్రమట్టాలో ఆకాశాన్నంటే భవనాలు లేస్తుంటే, ఈ చిన్న ఇళ్ల స్థలాలకి ఎంత ధర పలుకుతుందో మీరే ఊహించుకోండి. రూలు ఉన్నంత మాత్రాన ఇల్లు నిలవదు. పై కప్పు చిల్లు పడిన రోజే పూడ్చే మనిషి ఉండాలి. విగ్రమ్ స్ట్రీట్ ఇళ్లు నిలిచాయంటే లోపల పొయ్యి వెలుగుతోంది కాబట్టి. స్వాన్ వాళ్ల ఇల్లు నిలిచిందంటే అందులో కాపురం ఉన్నారు కాబట్టి. నాకు తెలిసొచ్చింది ఇదే. పాత ఇంటిని ముందు మనుషులు వదిలేస్తారు, తర్వాతే వాన దాన్ని కూలుస్తుంది.

ఆ రాత్రి అత్తయ్యగారికి ఫోన్ చేశాను. మనవడి కబుర్లయ్యాక, "మండువాలో కారుతున్న చోట ఎన్ని పెంకులు పోయాయి అత్తయ్యా?" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అమ్మేముందు కొలతలు రాసుకోడానికా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఐదేళ్ల నా పోరు ఆవిడకి ఏం మిగిల్చిందో ఆ ఒక్క ప్రశ్నలో తెలిసింది. "కాదత్తయ్యా, నేయించడానికి," అన్నాను.

అంత మాత్రాన అన్నీ చక్కబడిపోలేదు సుమండీ. ఇంట్లో ముగ్గురన్నదమ్ముల వాటాలున్నాయి. బావగారికి అమ్మాలనే ఉంది, మరిదికి ఎటైనా ఒకటే. నేను ఒక దారి చెప్పాను. వెనక దొడ్డి స్థలం, పడిపోయిన పశువుల కొట్టం ఉన్న జాగా అమ్ముదాం. ఆ సొమ్ములో కొంత పెట్టి వీధి అరుగులు, మండువా, చుట్టూ నాలుగు గదులు బాగుచేయించి, ఇంట్లోనే ఒక స్నానాలగది కట్టిద్దాం. పెద్దావిడ ఉన్నన్నాళ్లు ఉంటారు, ఆ తర్వాత ఎవరో ఒకరం ఉండేలా చూద్దాం. ఎవరూ ఉండనంటే అప్పుడే అమ్మకం. సంక్రాంతికి అందరం కూర్చుని తేల్చుకోవాలి. మావారు, "నువ్వేనా మాట్లాడేది?" అని రెండుసార్లు అడిగారు.

అమ్మాయికీ చెప్పాను, మేమిస్తామన్న డబ్బు సగానికి సగం తగ్గుతుందని. అది ఏమీ అనలేదు. పిల్లాడికి పాలు పట్టే వంకతో లోపలికి వెళ్లింది. ఆ మౌనం నాకింకా బరువుగానే ఉంది. అటు అత్తగారి గోడు, ఇటు కూతురి గూడు. మధ్యలో ఉన్న ఆడదానికి ఏ తీర్పూ పూర్తిగా తీపి కాదు. మీ ఇళ్లలోనూ ఇలాంటి తగువు ఉండే ఉంటుంది. మీరెలా తేల్చుకున్నారో రాయండి, నాకూ దారి దొరుకుతుంది.

పోయేముందు ఈ వారం చిట్కా. పాత టేకు తలుపులు, గడపలు తెల్లబారి పగుళ్లిస్తుంటే రంగు కొట్టేయకండి. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులిపి, తడిపి గట్టిగా పిండిన బట్టతో తుడిచి, ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత అవిసె నూనె మెత్తని గుడ్డతో పల్చగా రాసి, పావుగంట ఆగి, పీల్చుకోకుండా మిగిలినది తుడిచేయండి. ఆరాక ఇంకోసారి రాస్తే నిగనిగలాడతాయి. ఒక్క జాగ్రత్త. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి బయట నేల మీద పరిచి, పూర్తిగా ఆరాకే పారేయండి.

మా గడపకి కూడా ఈ సంక్రాంతికి నూనె రాస్తాను. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.